బావుల మీద తాళం

మా ఇళ్లల్లో పెద్దవాళ్లు 1948 అనరు. 'పోలీస్ యాక్షన్ అయినప్పుడు' అంటారు. అని ఊరుకుంటారు. సైన్యం వచ్చింది, ట్యాంకులొచ్చాయి, సెప్టెంబర్ 13న మొదలై అయిదు రోజుల్లో నిజాం లొంగిపోయాడు. అయినా దాని పేరు పోలీసు చర్యే! కప్పిపెట్టడం పేరుతోనే మొదలైంది.

ఆ తర్వాత పల్లెల్లో జరిగిన ఊచకోతల కబురు ఢిల్లీకి చేరింది. నెహ్రూ పంపితే పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ వచ్చారు. నవంబర్ 29 నుంచి డిసెంబర్ 21 దాకా, సంస్థానంలోని 16 జిల్లాల్లో 9 తిరిగారు. శవాలు కుళ్లుతున్న బావుల్ని కళ్లారా చూశారు. ఎంత తగ్గించి లెక్కేసినా చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేలన్నారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లోనే 18 వేలకు తగ్గరన్నారు. కొన్నిచోట్ల సైనికులూ చేయి కలిపారన్నారు. అంతకుముందు రజాకార్లు హిందువుల మీద చేసిన దౌర్జన్యాల్నీ దాచలేదు.

నేరం జరిగిన చోటికి వెళ్లి తెచ్చిన సాక్ష్యమది. హోంమంత్రి పటేల్‌కి మింగుడుపడలేదు. ప్రభుత్వం దాన్ని ప్రచురించలేదు. 1988లో ఒమర్ ఖాలిది పుస్తకం వల్ల, 2001లో ఎ.జి. నూరానీ వల్ల కొన్ని భాగాలు బయటికొచ్చాయి. ఢిల్లీలో అప్పటి నెహ్రూ మ్యూజియం గ్రంథాలయంలో దాన్ని చదవొచ్చన్న వార్త నలుగురికీ తెలిసింది 2013లో. అప్పటికి 65 ఏళ్లు. చూసినవాళ్లూ లేరు, చేసినవాళ్లూ లేరు.

ఇలాంటివి బయటపెడితే కొట్లాటలొస్తాయంటారు. మేమూ అన్నీ బజార్లో పరవమనడం లేదు. ఎత్తుకుపోబడిన ఆడవాళ్ల పేర్లు ఎవరికీ తెలియనక్కర్లేదు. అత్యాచారానికి గురైన స్త్రీ పేరు ప్రచురించకూడదని 1983లో చట్టమే వచ్చింది. అది మంచి చట్టం. బావిలోని తల్లి ఫొటో గోడమీద పోస్టరు కాకూడదు. కానీ చచ్చినవాళ్ల మర్యాద కోసం వేసే పరదా వేరు, చంపినవాళ్ల పరువు కోసం వేసే తాళం వేరు. పరదా పేరు చెప్పి తాళం వేశారు. అదీ మా ఫిర్యాదు.

తాళం వేస్తే జరిగిందేమిటి? సాక్ష్యం ఉండాల్సిన చోట పుకారు కూచుంది. కొందరు లక్షలంటారు, కొందరు అసలేమీ జరగలేదంటారు. ప్రతి సెప్టెంబర్ 17కీ విమోచనమా, విలీనమా అని కొట్టుకుంటారు. బావుల మాట ఎవరూ ఎత్తరు. రజాకార్లు చేసినదానికి జవాబు మాత్రం ఇప్పటికీ మమ్మల్నే అడుగుతారు.

ఆ తాళం ఇంకొకటి కూడా దాచింది. ముస్లిం సాలెవాళ్లని కాపాడబోయి హిందూ సాలెవాళ్లు కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారని అదే నివేదిక రాసింది. ఎత్తుకుపోయిన ఆడవాళ్లని వెతకడానికి హిందువులు సాయపడ్డారనీ రాసింది. ఆ సంగతి 1949లోనే అందరికీ తెలిసుంటే మా పెద్దవాళ్లు అంత భయంతో బతికేవాళ్లా? మగ్గం పక్క మగ్గం వేసుకుని బతికినవాళ్ల త్యాగాన్ని కూడా హంతకుల నేరంతోపాటే మూటగట్టి అటకెక్కించారు.

మా చచ్చినవాళ్లకి కఫన్ దక్కలేదు. దఫ్తర్‌లో ఫైలుకి చుట్టిన గుడ్డ కఫన్ కాదు.