సున్నపు మిద్దె: నీటి నిరోధంలో ఒక మరుగుపడిన సూత్రం

నూజివీడు మామిడి సీమలోని రెడ్డిగూడెం ఒకప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో అంతర్భాగం. ఆ ప్రెసిడెన్సీ పేరుతో ప్రసిద్ధమైన ‘మద్రాసు టెర్రస్’ మిద్దెల నిర్మాణంలో నీటి నిరోధాన్ని గురించిన ఒక భిన్నమైన అవగాహన కనిపిస్తుంది.

ఈ పద్ధతిలో టేకు దూలాలపై ఇటుకలను అంచుమీద నిలిపి, సున్నంతో ఏటవాలు వరుసలుగా పేర్చేవారు. దానిపై ఇటుక ముక్కలు, సున్నం కలిపిన పొర పరచి, కరక్కాయ, బెల్లం నానిన నీరు చల్లుతూ కొయ్య సాధనాలతో రోజుల తరబడి కొట్టేవారు. ఆ దెబ్బలకు పొర కుదించుకొని సందులు మూసుకుపోయేవి. పైన పలుచని ఇటుక పలకలు పరచి, వాన నీరు జారిపోయేలా వాలు ఇచ్చేవారు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి నెమ్మదిగా గట్టిపడేది. ఇంకిన కొద్దిపాటి తేమ ఎండకు తిరిగి ఆవిరయ్యేది. తేమను పూర్తిగా అడ్డుకోవడం కన్నా, దానిని నిలవనీయకపోవడమే ఇక్కడి సూత్రం.

1936లో ఏర్పడిన ఆంధ్రా సిమెంట్ కంపెనీ బెజవాడలో సిమెంటు తయారీ చేపట్టింది. సిమెంటు కాంక్రీటు శ్లాబులు వ్యాపించిన కొద్దీ సున్నపు పనివారి నైపుణ్యం వెనుకబడింది. శ్లాబుపై తారు మెంబ్రేన్ ప్రయోజనకరమే. అయితే తేమ పట్టిన పాత మిద్దెపై దానినే పరిస్తే, లోపలి తేమ పైకి ఆవిరి కాలేక దూలాలను కుళ్లబెట్టగలదు. కనుక పాత కట్టడాల మరమ్మతులో పొరను ఎంచుకునే ముందు, ఆ కప్పు ఏ పదార్థంతో, ఏ సూత్రంపై నిర్మితమైందో గుర్తించడం అవసరం.