కుక్క బిస్కెట్ కథ: చోడి అంబలి నుంచి లండన్ ఓడరేవు దాకా

ఈ ఎపిసోడ్ ఒక తప్పుతో మొదలుపెడతా. నేను చేయబోయిన తప్పే.

రెండేళ్ల కిందట ఫ్రెండ్స్‌తో అరకు వెళ్లాం. ఘాట్ రోడ్డు మీద ఒకచోట కారు ఆపి, అప్పుడే కొన్న కాఫీ చాక్లెట్ల ప్యాకెట్ విప్పాం. ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఒక ఎర్ర కుక్క వచ్చి ఎదురుగా కూర్చుంది. తోక ఊపుతూ మా చేతుల వైపే చూస్తోంది. మనకి జాలి ఎక్కువ కదా! ఒక చాక్లెట్ విసరబోయా. పక్కనే మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్న పెద్దావిడ గట్టిగా అరిచింది. "ఎట్టకు బాబూ, దానికి పడదది! మీలాటోళ్లు వచ్చి ఏవేవో ఎడతారు, రేతిరంతా కక్కుకుంటాది."

అని ఊరుకోలేదు. తన గిన్నెలో అడుగున మిగిలిన చోడి అంబలి ఒక చిప్పలో పోసి దాని ముందు పెట్టింది. అది గబగబా నాకేసి, ఎండలోకి పోయి పడుకుంది. నేను చాక్లెట్ పట్టుకుని అలాగే నిలబడ్డా.

చోళ్లు అంటే రాగులేనండీ, ఉత్తరాంధ్రలో మా పేరు అది. ఆవిడ చేసిన పని వెనక ఎంత చరిత్ర ఉందో తర్వాత చదువుతుంటే తెలిసింది. ఇంట్లో కుక్కలకి ట్రీట్స్ చేసుకుంటున్న వాళ్లకి, చేద్దామనుకుంటున్న వాళ్లకి ఈ కథ పనికొస్తుంది.

ముందు ఒక డౌట్ తీర్చుకుందాం. కుక్క మాంసాహారి కదా, దానికి గంజి, అంబలి ఏంటి? 2013లో స్వీడన్‌లోని ఉప్సాలా యూనివర్సిటీ సైంటిస్టులు నేచర్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. తోడేళ్ల డీఎన్ఏని, పెంపుడు కుక్కల డీఎన్ఏని పక్కపక్కన పెట్టి చూశారు. పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ అనే ఎంజైమ్‌కి ఒక జీన్ ఉంటుంది. తోడేలులో ఆ జీన్ కాపీలు 2. కుక్కల్లో 4 నుంచి 30 వరకు ఉన్నాయి. వ్యవసాయం పాతుకుపోయిన ప్రాంతాల కుక్కల్లో ఈ కాపీలు ఎక్కువని తర్వాతి పరిశోధనల్లో తేలింది. అంటే ఏంటి? మనిషి గింజలు పండించి, వండుకుని, మిగిలింది కుక్కకి పెట్టాడు. వేల ఏళ్లు అదే తిని కుక్క ఒళ్లే మారిపోయింది. మన గిన్నెలో మిగిలిన మెతుకు దాని జీన్స్‌లోకి ఎక్కింది. నాకైతే ఇది చదివినప్పుడు ఒళ్లు జలదరించింది.

మన పుస్తకాల్లోనూ దీనికి సాక్ష్యం ఉంది. కౌటిల్యుడి అర్థశాస్త్రం అంటే మనకి రాజనీతే గుర్తొస్తుంది కానీ, అందులో కోష్ఠాగారం గురించి, అంటే ధాన్యం గిడ్డంగి గురించి, ఒక అధ్యాయం ఉంది. ఎవరికి ఎంత రేషన్ ఇవ్వాలో అక్కడ లెక్క రాశారు. కుక్కకి ఒక ప్రస్థం అన్నం. హంసలకి, నెమళ్లకి అందులో సగం. ప్రస్థం అప్పటి కొలత. రాజుగారి గిడ్డంగిలో కుక్క పేరు మీద కూడా ఎంట్రీ ఉందన్నమాట!

ఇప్పుడు మన కొండలకి వద్దాం. తూర్పు కనుమల్లో ఏజెన్సీ ఊళ్ల పంటలంటే చోళ్లు, సామలు, కొర్రలు. చోడి అసలు పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా ఎత్తైన ప్రాంతాలు. కొన్ని వేల ఏళ్ల కిందట మన దేశానికి వచ్చి, వాలు నేలల్లో, తక్కువ నీళ్లతో పండుతూ ఇక్కడిదే అయిపోయింది. ఇక వేట సంగతి. చైత్రమాసంలో ఇటుకల పండుగకి మగవాళ్లు విల్లంబులు పట్టుకుని అడవికి వెళ్లే ఆచారం ఈ కొండల్లో ఉంది. ఇదే తూర్పు కనుమల్లో, దక్షిణాన నల్లమలలో, చెంచుల వేటకి కుక్కే తోడు. వేట దొరికిన రోజు దానికీ ఓ వాటా. దొరకని రోజు? ఇంట్లో ఏది ఉంటే అదే. మనిషికి వేరే, కుక్కకి వేరే వంట అనే మాటే లేదు.

మరి కుక్క తిండిని వేరుగా చేసి పెద్ద ఎత్తున అమ్మడం ఎప్పుడు మొదలైంది? సుమారు 1860లో, లండన్‌లో.

జేమ్స్ స్ప్రాట్ అని ఒక అమెరికన్. పిడుగు దెబ్బ నుంచి కాపాడటానికి ఇళ్ల మీద పెట్టే రాడ్లు అమ్మడానికి ఇంగ్లండ్ వెళ్లాడు. ఓడరేవులో నావికులు పారేసిన గట్టి ఓడ బిస్కెట్ల కోసం వీధి కుక్కలు ఎగబడటం చూశాడని, అక్కడే ఐడియా తట్టిందని చెప్తుంటారు. గోధుమపిండి, బీట్‌రూట్, కూరగాయలు, గొడ్డు మాంసం కలిపి కుక్కల కేకులు తయారుచేసి అమ్మాడు. కొన్నది ఎవరు? వేటకుక్కలు పెంచే ఇంగ్లీషు దొరలు. ఆ కంపెనీలో కుర్రాడిగా చేరిన చార్లెస్ క్రఫ్ట్ తర్వాత 1891లో తన పేరు మీద డాగ్ షో పెట్టాడు. ప్రపంచంలో పేరున్న క్రఫ్ట్స్ డాగ్ షో అదే. ఇక ఎముక ఆకారం బిస్కెట్ అంటే గుర్తొచ్చే మిల్క్‌బోన్, 1908లో న్యూయార్క్‌లో పుట్టింది.

గమనించారా? కుక్క బిస్కెట్‌కి మూలం కూడా మనిషి తిండే. నావికుడి తిండి. కానీ ప్యాకెట్‌లోకి వెళ్లాక లోపల ఏముందో పెట్టేవాడికి తెలియకుండా పోయింది. దీని ఖరీదు 2007లో అమెరికా, కెనడాల్లో తెలిసింది. చైనా నుంచి వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో మెలమైన్ కలిసింది. ప్రొటీన్ ఎక్కువున్నట్టు టెస్టులో చూపించడానికి చేసిన కల్తీ అది. దానితో చేసిన ఫుడ్ తిని కుక్కలు, పిల్లులు కిడ్నీలు పాడై చనిపోయాయి. కోట్ల ప్యాకెట్లు, డబ్బాలు వెనక్కి తెప్పించారు. ఆ భయంతో చాలామంది పెంపకందారులు మళ్లీ ఇంటి వంట వైపు చూశారు.

అయితే ఇక్కడే అసలు మెలిక ఉంది. జాగ్రత్తగా వినండి. "మా తాతల కాలంలో కుక్కకి ఇంట్లోదే పెట్టేవాళ్లు, మేమూ పెడతాం" అంటారు చాలామంది. తాతల ఇంట్లో ఉన్నది అంబలి, గంజి. మన ఇంట్లో ఉన్నది చాక్లెట్, బిర్యానీ, క్రీమ్ కేకు. కుక్క మారలేదు, మన వంటిల్లు మారింది. చాక్లెట్‌లో ఉండే థియోబ్రొమైన్‌ని కుక్క శరీరం చాలా నెమ్మదిగా బయటికి పంపుతుంది. అది పేరుకుంటే వాంతులు, గుండె దడ, ఫిట్స్, ప్రాణం పోవడం కూడా. కాఫీలో కెఫీన్ కూడా అలాంటిదే. నేను ఆ రోజు విసరబోయింది కాఫీ చాక్లెట్, అంటే రెండూ కలిపి! ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాల్ని దెబ్బతీస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్ కిడ్నీల్ని పాడుచేస్తాయి. షుగర్‌ఫ్రీ వాటిలో వాడే జైలిటాల్ అయితే కొద్ది మోతాదే ప్రమాదం. అరకులో బొంగు చికెన్ తిని ఎముకలు కుక్కకి విసురుతాం చూడండి, అదీ తప్పే. వండిన ఎముక సూదుల్లా చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది.

కాబట్టి ఇంట్లో చేయడం అంటే ఇంట్లో మిగిలింది పెట్టడం కాదు. ఆ పెద్దావిడ అంబలి లాంటిది చేయడం. నేను చేసేది చెప్తా. ఒక కప్పు చోడి పిండి, అర కప్పు ఉడికించి మెదిపిన తియ్య గుమ్మడి గుజ్జు, ఒక గుడ్డు. ఉప్పు, పంచదార, బెల్లం, నూనె ఏమీ వద్దు. చోడిలో గ్లూటెన్ ఉండదు కాబట్టి ముద్ద విరిగిపోతూ ఉంటుంది, గుడ్డు దాన్ని పట్టి ఉంచుతుంది. పల్చనైతే ఇంకాస్త పిండి వేసి, అర సెంటీమీటరు మందాన ఒత్తి, చిన్న ముక్కలు కోయండి. ఒవెన్‌లో 170 డిగ్రీల దగ్గర 25 నిమిషాలు. ఆపేశాక కూడా చల్లారేదాకా లోపలే ఉంచితే కరకరలాడతాయి. ఒవెన్ లేదా? పెనం మీద సన్నని మంట, మూత పెట్టి, రెండు వైపులా తిప్పుతూ కాల్చండి. ఇవి కాస్త మెత్తగా ఉంటాయి కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టి మూడు నాలుగు రోజుల్లో అవగొట్టండి.

ఒక్క మాట. ఇది చిరుతిండి, భోజనం కాదు. రోజు మొత్తం తిండిలో ట్రీట్స్ 10 శాతం దాటకూడదని వెటర్నరీ డాక్టర్లు చెప్తారు. చోళ్లలో 100 గ్రాములకి సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, నిజమే. కానీ కుక్కకి మాంసకృత్తులూ కావాలి. ఒక్క చోడి మీదే పెంచొద్దు. చిన్న పిల్లలైనా, కిడ్నీ లాంటి జబ్బున్నా డాక్టర్‌ని అడిగే పెట్టండి.

పోయిన చలికాలం మళ్లీ అరకు వెళ్లా. నేను చేసిన బిస్కెట్లు డబ్బాలో పెట్టుకుని మరీ! పెద్దావిడ అక్కడే ఉంది. ఎర్ర కుక్క కూడా ఉంది, కాస్త బొద్దుగా అయింది. ఒక బిస్కెట్ ఇచ్చా, కరకరా నమిలేసింది. ఆవిడ ఒకటి తీసి వాసన చూసి, విరిచి చూసి, "చోడి పిండేనా?" అంది. అవునన్నా. నవ్వింది. "అంబలి కాసి పోస్తే పోద్ది కదా బాబూ, దీనికింత పనెందుకు?"

నా దగ్గర జవాబు లేదండీ. నగరంలో ఉండే మన కుక్కలకి ఆ గిన్నె అడుగు అంబలి దొరకదు, అందుకే ఈ పని. మీ ఇంట్లో తాతమ్మలు, అమ్మమ్మలు కుక్కకి ఏం పెట్టేవారో అడిగి కామెంట్స్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అరకు వెళ్తే మాత్రం చాక్లెట్ మీరే తినండి. ఉంటాను.