ఎగిరే పడవలూ, తేలే పడవలూ

ఒరాకిల్ అనగానే మన ఐటీ జనాలకి గుర్తొచ్చేది డేటాబేసూ, అర్ధరాత్రి ప్రొడక్షన్ సపోర్టూ. తెరచాప పడవల పిచ్చి ఉన్నవాళ్లకి మాత్రం అదే పేరు చెబితే 2013 సెప్టెంబరు గుర్తొస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో అమెరికాస్ కప్. ముందు 9 పాయింట్లు చేరినవాళ్లదే కప్పు. న్యూజిలాండ్ జట్టు 8-1తో ఉంది, ఇంకొక్కటి చాలు. అక్కణ్ణుంచి లారీ ఎల్లిసన్ జట్టు వరసగా 8 పందేలు కొట్టి 9-8తో కప్పు నిలబెట్టుకుంది!

ఆ పడవల పేరు ఏసీ72. 72 అడుగుల కాటమరాన్, గుడ్డ తెరచాపకి బదులు దాదాపు 40 మీటర్ల ఎత్తున్న గట్టి రెక్క. అసలు కిటుకు అడుగున ఉంది. నీళ్లలోకి దిగిన ఎల్ ఆకారపు చిన్న రెక్క, అదే ఫాయిల్. విమానం రెక్క గాలిలో చేసే పనే ఇది నీళ్లలో చేస్తుంది. నీళ్లు గాలికంటే సుమారు 800 రెట్లు చిక్కన కాబట్టి చిన్న రెక్కే చాలు. వేగం రెట్టింపైతే ఎత్తే బలం నాలుగు రెట్లవుతుంది. అలా టన్నుల బరువున్న పడవ నీటిమీంచి లేచి, రాపిడి వదిలించుకుని, గంటకి 80 కిలోమీటర్ల దాకా దూసుకుపోతుంది.

చూడ్డానికి అద్భుతమే. కానీ ఆదివారం పూట సరదాగా పడవేసుకుని చెరువులోకి వెళ్లేవాడికీ దీనికీ ఏంటి సంబంధం? ఆ ఏడాది ఎల్లిసన్ జట్టుని సవాలు చెయ్యడానికి వచ్చింది మూడే జట్లు. అంత ఖర్చు మరి!

కాస్త వెనక్కి వెళ్దాం. కాటమరాన్ అన్న మాట మన పక్కింటిదే, తమిళ కట్టుమరం. మన జాలర్ల తెప్పలాగే దుంగల్ని కట్టిన పడవ. రెండు పడవల్ని పక్కపక్కన బిగించే పద్ధతి పసిఫిక్ దీవులవాళ్లది. పేరొకరిది, పడవొకరిది అన్నమాట. 1876లో నథానియెల్ హెరెషాఫ్ అనే అమెరికన్ అలాంటిదే చేసి న్యూయార్క్ పందెంలో అందర్నీ చిత్తు చేశాడు. ఫలితం? మరీ వేగంగా పోతోందని అలాంటి పడవల్ని మామూలు పందేల్లోంచి వెలేశారు.

వెలేసినదాన్ని జనం దగ్గరికి తెచ్చింది కోటీశ్వరులు కాదు, కాలిఫోర్నియాలో సర్ఫింగ్ బోర్డులు చేసుకునే హోబీ ఆల్టర్. 1968లో హోబీ 14, ఆ తర్వాత హోబీ 16. తిన్నగా ఇసుకమీదికి ఎక్కించెయ్యొచ్చు. హోబీ 16లు లక్షకి పైగా తయారయ్యాయి. దాదాపు అప్పుడే కెనడాకి చెందిన బ్రూస్ కిర్బీ లేజర్ గీశాడు. ఒక మనిషి, ఒక తెరచాప, కారు మీద కట్టుకుపోయేంత పడవ. ఇవి రెండు లక్షలు దాటాయి. మన హుస్సేన్ సాగర్‌లో జరిగే పోటీల్లో కనిపించేవి కూడా ఇవే.

"పైన ఖర్చు పెడితే టెక్నాలజీ మెల్లిగా కిందికి దిగుతుంది" అని ఒక వాదన ఉంది. కొంత నిజమే కావచ్చు. కానీ ఫాయిల్ విషయంలో కథ తిరగబడింది. మోత్ అనే 11 అడుగుల, ఒక్క మనిషి నడిపే పడవ అప్పటికే ఎగురుతోంది. 2005లో రోహన్ వీల్ ఫాయిళ్ల మోత్‌తో ప్రపంచ పోటీ గెలిచాడు. అమెరికాస్ కప్ పడవలు గాల్లోకి లేచింది 2012లో! మనుషులూ అంతే. 2013లో ఒరాకిల్ పడవలో వ్యూహం చూసిన బెన్ ఐన్స్‌లీ 2000 ఒలింపిక్స్‌లో లేజర్ మీద స్వర్ణం గెలిచినవాడే. అంటే పైవాళ్లే కిందివాళ్లకి బాకీ.

ఆ బాకీ ఎంత పెద్దదో చెప్పే సంఘటన ఇంకొకటుంది. 2013 మే 9న స్వీడన్ జట్టు ఆర్టెమిస్ కాటమరాన్ సాధనలో తిరగబడి విరిగిపోయింది. దానికింద చిక్కుకుని ఆండ్రూ సింప్సన్ చనిపోయాడు. 36 ఏళ్లు, 2008 ఒలింపిక్ విజేత. స్నేహితులు అతని పేరు మీద పిల్లలకి పడవ నడపడం నేర్పే సంస్థ పెట్టారు. 2014 సెప్టెంబరు 21న "బార్ట్స్ బాష్" పేరుతో ప్రపంచమంతా వందల క్లబ్బుల్లో, వేల పడవలు ఒకే రోజు పందెం వేశాయి. ఎవరి చెరువులో వాళ్లు, ఎవరి పాత పడవలో వాళ్లు. రకరకాల పడవల సమయాల్ని లెక్కకట్టి అందర్నీ ఒకే పట్టికలో పెట్టారు. అతని జ్ఞాపకానికి ఏసీ72లు కాదు, ఇవి కదిలాయి.

కప్పులో కాటమరాన్లు 2017తో ఆగిపోయాయి. 2021 నుంచి ఒంటి పడవలే ఫాయిళ్లమీద ఎగురుతున్నాయి. రేపు ఇంకోటొస్తుంది, రానివ్వండి, నేనూ నోరెళ్లబెట్టి చూస్తాను. కానీ ఒక ఆట బతికుందా లేదా అని తేల్చాలంటే నేను చూసేది వేగం కాదు, ఈ ఆదివారం ఎంతమంది పిల్లలు చుక్కాని పట్టుకున్నారని. మన రంగానికీ ఇదే లెక్క వర్తిస్తుందని నా అనుమానం. మీరేమంటారు?