రుద్రమదేవి: తెరమీద రాకుమారి, శాసనాల్లో మహారాజు

కాకతీయ రాకుమారి రుద్రమ జీవితం ఆధారంగా 'రుద్రమదేవి' అనే సీరియల్ 2021లో స్టార్ మా ఛానెల్‌లో వచ్చింది. అంతకుముందు 2015 అక్టోబర్ 9న గుణశేఖర్ దర్శకత్వంలో అనుష్క నటించిన సినిమా ఇదే పేరుతో విడుదలైంది. పుట్టింది ఆడపిల్ల అన్న సంగతి లోకానికి తెలియకుండా కొడుకులా పెంచడమే ఆ సినిమా కథకు ప్రాణం. చాలామందికి రుద్రమ అంటే ఇప్పుడు ఆ కథే గుర్తుకొస్తుంది.

శాసనాలు చెప్పేది వేరు. గణపతిదేవుడికి కొడుకులు లేరు. కూతురు రుద్రమకే ఆయన రాజ్యం అప్పగించాడు. గుంటూరు ప్రాంతంలోని మల్కాపురం శాసనం 1261 నాటిది. అందులో ఆమె గణపతిదేవుడి కూతురిగానే కనిపిస్తుంది. వెలగపూడి గ్రామాన్ని దానం చేసినట్టు కూడా అందులో ఉంది. ఆ దానాల ఆదాయంలో ఒక భాగం ప్రసూతిశాలకు కేటాయించారు. అంటే ఆమె ఆడపిల్ల అన్నది దాచిన విషయం కాదు. 'రుద్రదేవ మహారాజు' అన్న మగపేరు సింహాసనం హోదాకు సంబంధించినది.

రుద్రమ భర్త చాళుక్య వీరభద్రుడు నిడదవోలు వాడు. ఆ ఊరు కోనసీమకు ఎగువన, గోదావరికి పడమటి వైపు ఉంది. కాబట్టి అమలాపురం, రాజోలు, కొత్తపేట జనానికి ఇది ఎక్కడో ఓరుగల్లు కథ మాత్రమే కాదు. కళింగ గంగరాజులు వేంగి మీదికి దండెత్తినప్పుడు వాళ్లను వెనక్కి తరిమింది రుద్రమ సేనానులే. గోదావరి డెల్టా ఎవరి చేతిలో ఉండాలన్నదే ఆ గొడవ.

ఢిల్లీలోనూ అదే శతాబ్దంలో ఇలాంటి కథే జరిగింది. సుల్తాన్ ఇల్తుత్‌మిష్ గ్వాలియర్ దండయాత్రకు వెళ్తూ ఢిల్లీ పాలన కూతురు రజియాకు అప్పగించాడు. కొడుకులున్నా ఆమెనే వారసురాలిగా ఎంచుకున్నాడు. అయినా ఆయన పోగానే అమీర్లు కొడుకు రుక్నుద్దీన్‌ను గద్దెనెక్కించారు. కొన్ని నెలలకే, 1236లో, రజియా సుల్తాన్ అయింది. 1240లో తిరుగుబాటులో గద్దె పోయింది, ప్రాణమూ పోయింది. ఆమె మీద కమాల్ అమ్రోహీ 1983లో హేమమాలినితో సినిమా తీశారు. 2015లో అండ్ టీవీలో పంఖురి అవస్థీ రజియాగా హిందీ సీరియల్ వచ్చింది.

రజియాకు దక్కింది దాదాపు నాలుగేళ్లు. రుద్రమ 1262 నుంచి 1289 వరకు పాలించింది. ఆమెకూ సొంతవాళ్ల నుంచే తిరుగుబాటు వచ్చిందని 'ప్రతాపరుద్ర చరిత్ర' చెబుతుంది. తనకు నమ్మకంగా ఉండే నాయకులను చేరదీసి నిలబడింది. ఇటలీ యాత్రికుడు మార్కోపోలో ఆమె పాలనను మెచ్చుకున్నాడు. కానీ ఆమెను చనిపోయిన రాజుగారి భార్య అని రాశాడు. నిజానికి ఆమె కూతురు.

నల్లగొండ ప్రాంతంలోని చందుపట్ల శాసనం 1289 నవంబర్ 27 నాటిది. రుద్రమ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు చనిపోయాక వాళ్ల పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి చేసిన దానం అందులో ఉంది. ఆమె తర్వాత రాజ్యం మనవడు ప్రతాపరుద్రుడికి వచ్చింది. అతను రుద్రమ కూతురు ముమ్మడమ్మ కొడుకు. రెండోసారి కూడా వారసత్వం కూతురి వైపు నుంచే నడిచింది.