దారుస్సలాం బలం

మజ్లిస్ పార్టీ నాయకుడు సుల్తాన్ సలావుద్దీన్ ఒవైసీ 1984 నుంచి 1999 దాకా ఆరు లోక్‌సభ ఎన్నికల్లో వరుసగా హైదరాబాద్ నుంచి గెలిచారు. పాతబస్తీ ముస్లిం జనాభా, ఆవేశపు ప్రసంగాలే గెలిపించాయని చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అవి లేవనలేం. అయితే ఆయన రాజకీయం మొదలైంది 1960లో మల్లేపల్లి మునిసిపల్ వార్డులో. 1962లో పత్తర్‌గట్టిలో మంత్రి మాసూమా బేగంను ఓడించి శాసనసభకు వెళ్లారు. పార్లమెంటు మెట్లెక్కేనాటికి మొహల్లాల్లో ఆయనకు రెండు దశాబ్దాల పరిచయం ఉంది. ఒకే సీటులో దీర్ఘకాలం నిలిచినవారు వేరేచోటా ఉన్నారు. అమెరికాలో మిషిగన్ ప్రతినిధి జాన్ డింగెల్ తండ్రి తర్వాత 1955లో అదే స్థానానికి వచ్చి 59 ఏళ్లు కొనసాగారు. అక్కడ సీనియారిటీ పెరిగేకొద్దీ కమిటీ అధ్యక్షత, దాంతోపాటు అధికారం చేతికొస్తాయి. అయిదొందలకు పైగా సభ్యులున్న మన లోక్‌సభలో అప్పట్లో మజ్లిస్ గొంతు ఒవైసీదొక్కటే. ఢిల్లీ ఆయనకిచ్చింది తక్కువ, బలమంతా పార్టీ కార్యాలయం దారుస్సలాందే. అక్కడ రోజూ అర్జీలు పుచ్చుకునే ప్రజాప్రతినిధులు, సహకార బ్యాంకు, నగరంలో మరోచోట దక్కన్ మెడికల్ కాలేజీ, ఆసుపత్రి. ఇవన్నీ ఓటరుతో తెగని లావాదేవీలు.

మతమే సర్వమనేవారు 1994కు జవాబు చెప్పాలి. బాబ్రీ మసీదు కూల్చివేత గాయం ఇంకా పచ్చిగానే ఉంది. జనాభా మారలేదు. అయినా అమానుల్లా ఖాన్ చీలిపోయి పెట్టిన మజ్లిస్ బచావో తెహ్రీక్ శాసనసభలో రెండు సీట్లు గెలిస్తే మజ్లిస్‌కు చార్మినార్ ఒక్కటే దక్కింది. 1996లో బీజేపీ నాయకుడు వెంకయ్యనాయుడిపై ఒవైసీ గెలుపు మాత్రం మతాల మోహరింపు వల్లే కదా అనొచ్చు. సగం నిజమే. పోలింగ్ రోజున భయం ఓట్లను ఒకచోట చేరుస్తుంది, పోయిన అసెంబ్లీ సీట్లను తిరిగి తెచ్చేది మాత్రం వార్డు కార్యకర్తలే. 1999లో మజ్లిస్ నాలుగు సీట్లకు ఎదిగింది. అంత సేవే చేస్తే డ్రైనేజీ, నీళ్ల విషయంలో పాతబస్తీ ఎందుకు వెనకబడిందన్న ప్రశ్న ఇంకా గట్టిది. నా అంచనాలో ఆ వెనకబాటే ఈ వ్యవస్థకు మేత. ఆఫీసులో పని సవ్యంగా జరిగితే సిఫారసు చీటీ ఎవరికి కావాలి? సర్కారు వదిలేసిన ఖాళీని మజ్లిస్ నింపింది, కొంతవరకు దానిమీదే బతికింది కూడా.

2004లో హైదరాబాద్ లోక్‌సభ సీటు కొడుకు అసదుద్దీన్‌కు వచ్చింది. తండ్రి కాలంలో ఈ నియోజకవర్గం తాండూరు, వికారాబాద్ పల్లెల దాకా ఉండేది. 2009 నుంచి అమలైన పునర్విభజనలో అవి పోయి, పూర్తిగా నగరమే మిగిలింది. కంది చేల మధ్య ఓట్లు అడగాల్సిన అవసరం కొడుక్కి తీరిపోయింది.