ఎలిజబెత్, హెర్‌ఫోర్డ్ మఠాధిపతి

ఎలిజబెత్ (1618–1680) జర్మన్ రాచకుటుంబ స్త్రీ, హెర్‌ఫోర్డ్ మఠాధిపతి. హైడెల్‌బర్గ్‌లో పుట్టింది. తండ్రి ఐదవ ఫ్రెడరిక్ బొహీమియా రాజ్యం పోగొట్టుకోవడంతో కుటుంబం హాలండ్‌లో తలదాచుకుంది. పోలండ్ రాజుతో పెళ్లి మాట వచ్చినా, అందుకోసం కాథలిక్ మతంలోకి మారడానికి ఆమె ఒప్పుకోలేదు.

1643లో తత్త్వవేత్త డెకార్ట్‌కు ఉత్తరం రాసి సూటిగా నిలదీసింది: భౌతికం కాని మనసు శరీరాన్ని ఎలా కదిలిస్తుంది? ఆయన జవాబులు ఆమెకు తృప్తినివ్వలేదు. ఆయన సిద్ధాంతంలోని అసలు లోపాన్ని ఇంత తొందరగా పట్టుకున్నవాళ్లు అరుదు. ‘తత్త్వశాస్త్ర సూత్రాలు’ (1644) గ్రంథాన్ని డెకార్ట్ ఆమెకే అంకితమిచ్చాడు.

తాను కాల్వినిస్టు అయినా, 1667లో లూథరన్ మఠమైన హెర్‌ఫోర్డ్‌కు అధిపతి అయింది. 1670లో ఊరివాళ్లు వ్యతిరేకించినా, ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వచ్చిన మతబోధకుడు లబాడీ అనుచరులకు ఆశ్రయమిచ్చింది. వారిలో పండితురాలు ఆనా మరియా వాన్ షుర్మన్ ఒకరు. 1677లో క్వేకర్ నాయకుడు విలియం పెన్ ఎలిజబెత్‌ను కలిశాడు.