గంగాళం అంచున పేరు

కోనసీమ ఇళ్లలో కుటుంబ జ్ఞాపకం గోడకెక్కి నూట యాభై ఏళ్లు కూడా కాలేదు. అంతకు ముందు అది గంగాళం అంచున, భోషాణం అడుగున దాచిన తాటాకు కట్టలో, మనవడికి పెట్టిన తాత పేరులో ఉండేది. గౌతమి, వృద్ధ గౌతమి పాయల నడుమ, యానానికి ఎదురుగా ఉన్న ఐ.పోలవరం ప్రాంతంలో ఏది నిలవాలో, ఏది పోవాలో చాలావరకు నీళ్లే తేల్చాయి. ఏటా వచ్చే వరద, కొన్నేళ్లకోసారి విరుచుకుపడే తుఫాను, రోజూ ఉండే ఉప్పుగాలి, చెమ్మ, చెదలు. వీటికి తట్టుకున్న వస్తువే వంశంలో మిగిలింది.

తొలినాళ్లలో వంశాన్ని గుర్తు పెట్టుకునే పని నోటిది. తర్పణం వదిలేవాడు తండ్రి, తాత, ముత్తాతల పేర్లు చెప్పాలి. ఆ పైతరం వాళ్ల పేర్లు శాస్త్రమూ అడగదు, మనిషికీ గుర్తుండవు. రైతు కుటుంబాల గోత్రాలనూ వంశావళినీ పిచ్చుగుంట్లవాళ్లు కంఠస్థంగా చెప్పి గింజలు పట్టుకుపోయేవారు. ఇప్పుడు వాళ్లను వంశరాజులంటున్నారు. చదువున్న ఇళ్లలో పుట్టిన ఘడియలు జాతక చక్రంలో ఉండేవి. చావు తిథులు పంచాంగం అంచున రాసుకునేవారు. ఏడాది తిరిగితే పంచాంగం అటకెక్కేది, అటక మీద దాన్ని చెదలు చూసుకునేవి.

పొలం దస్తావేజుల్లో ఎక్కువగా కనిపించేది మగవాళ్ల పేర్లు. ఆడవాళ్ల పేర్లు వెతకాలంటే ఇత్తడి సామాను తిరగేయాలి. ఆడపిల్లను కాపురానికి పంపేటప్పుడు సారెతో పాటు బిందెలు, గంగాళం, మరచెంబు, పళ్లేలు, దీపపు కుందులు పెట్టడం మామూలు. గోదావరికి ఆవలి వైపు అజ్జరం ఇత్తడి పనికి పేరుపడ్డ ఊరు. కొన్న సామాను మీద పేరు కొట్టించకుండా తెచ్చేవారు కాదు. సూదిమొన ఉలిని ఇత్తడి మీద ఆనించి, చిన్న సుత్తితో ఒక్కొక్క దెబ్బే వేస్తూ పోతే చుక్కల వరసగా అక్షరం తేలుతుంది. ‘అ’ వంపు తిరిగేచోట చుక్కలు దగ్గరపడతాయి, తలకట్టు దగ్గర ఒక్కోసారి ఉలి జారి చిన్న గీత పడుతుంది. ఇంటిపేరు, పిల్ల పేరు, ఊరు, కొన్నింటి మీద తేదీ, ఇచ్చిన మేనమామ పేరు ఉంటాయి. ఇది అలంకారానికి మొదలైన పని కాదు. పెళ్లిళ్లకూ సంతర్పణలకూ సామాను ఊరంతా తిరుగుతుంది కాబట్టి ఎవరిది వాళ్లకు తిరిగి చేరడానికి పెట్టుకున్న ఏర్పాటు. కానీ ఏ దస్తావేజులోనూ లేని ఒక ముత్తవ్వ పేరు, ఆమె పుట్టింటి ఊరు ఈనాటికీ చదవడానికి వీలైంది దానివల్లే. స్టీలు సామాను వచ్చాక ఆ పని కరెంటు మిషను చేతికి పోయింది. అది గీసే పేరు సన్నగా, తొందరగా పడుతుంది, తోమగా తోమగా తొందరగానే అరుగుతుంది.

ఇల్లు గట్టిగా నిలవడం కాలువల తరవాతి మాట. 1832-33 కరువు, 1839లో కోరంగి రేవును ముంచిన తుఫాను చూసిన డెల్టాకు ధవళేశ్వరం ఆనకట్ట ఆర్థర్ కాటన్ పూనికతో 1847-52 మధ్య వచ్చింది. వరి, కొబ్బరి డబ్బు చేతికందిన కుటుంబాలు తాటాకు ఇళ్ల స్థానంలో మండువా లోగిళ్లు కట్టుకున్నాయి. నడుమ ఆకాశం కనిపించే మండువా, చుట్టూ నాలుగు వసారాలు, వీధివైపు అరుగు, లోపల సావిడి, వెనక పెరడు. దూలాలకూ స్తంభాలకూ బర్మా టేకు. 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ మొదలుపెట్టిన పెంకుల తయారీ తీరాలన్నిటికీ పాకి ఇక్కడి కప్పుల మీదకూ చేరింది. అలాంటి ఇంట్లో అలంకారమంతా వీధిగుమ్మం దగ్గరే ఉండేది. ద్వారబంధం మీద లతలు, చిలకలు, నడుమ గజలక్ష్మి, కింద పసుపు పూసిన గడప. లోపలి గోడలు సున్నం పూతతో బోసిగా ఉండేవి. వాటికి దీపం గూళ్లు, చిలక్కొయ్యలు తప్ప ఇంకేమీ ఉండేవి కావు.

ఏడాదికోసారి మాత్రం ఇల్లు తన సొత్తంతా బయటపెట్టేది. సంక్రాంతికో దసరాకో మెట్లు కట్టి బొమ్మల కొలువు పెడితే కొండపల్లి బొమ్మల పక్కన ఏటికొప్పాక లక్కబొమ్మలు, వాటి పక్కన ఎవరో తీర్థం నుంచి తెచ్చిన మట్టి ఏనుగు చేరేవి. తల్లి కొలువు కూతురికి దక్కేది. రంగు వెలిసి చేయి విరిగిన బొమ్మను పారేయకుండా పై మెట్టు మీద వెనక్కి జరిపి నిలబెట్టేవారు. పేరంటానికి వచ్చినవాళ్లకు దాని కథ చెప్పడం ఆ ఇంటి పెద్దావిడ వంతు.

‘పటం’ అంటే మొదట గుడ్డ, తరవాత గుడ్డ మీద వేసిన బొమ్మ. ఆ మాట చట్రంలో బిగించిన ఫొటోకు మారడానికి అచ్చుబొమ్మలు దారి వేశాయి. 1894లో బొంబాయి దగ్గర మొదలైన రవివర్మ అచ్చుకూటం లక్ష్మినీ సరస్వతినీ నడితరగతి ఇళ్లకు దించింది. గోడకు మేకు దిగింది ముందు దేవుళ్ల కోసమే. ఆ వరసలో తాతయ్యలు తరవాత చేరారు.

ఫొటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందనే భయం చాలాకాలం ఉంది. లంకల గన్నవరంలో అన్నదానానికి పేరుపడ్డ డొక్కా సీతమ్మ (1841-1909) సంగతి కోనసీమలో అందరూ చెప్పుకుంటారు. ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేక వేళ పిలుపు వస్తే, పొయ్యి ఆర్పి రాలేనన్నారనీ, చివరికి ఆవిడ ఫొటో మాత్రం తీయించి పంపారనీ, దాన్ని ఉత్సవంలో కుర్చీ మీద ఉంచారనీ ఆ కథ. అందులో ఎంత నిజమున్నా, మనిషి లేనిచోట పటం కూర్చోవచ్చునన్న ఊహ ఇక్కడివాళ్లకు ఎంత కొత్తగా తోచిందో దాన్నిబట్టి తెలుస్తుంది. ఆవిడ పేరే గన్నవరం దగ్గర కొత్త అక్విడక్టుకు పెట్టారు.

ఇంట్లో పటం ఎక్కడ ఉండాలనేదానికి క్రమంగా ఒక పద్ధతి ఏర్పడింది. సావిడి గుమ్మం పైన, చట్రం పైభాగం గోడ నుంచి ముందుకు వాలేలా, తలెత్తినవాళ్లకు ఎదురుగా చూస్తున్నట్టు కడతారు. దండ ఉందంటే మనిషి లేడని అర్థం. పూలదండ రోజూ మార్చలేనివారు గంధపు చెక్క దండ వేశారు. అద్దం మీద కుంకుమ బొట్టు, కింద జీరో బల్బు వచ్చి చేరాయి. పెళ్లిలో స్నేహితులు అచ్చు వేయించి, అద్దం కట్టించి ఇచ్చిన పద్యాలు ఆ పక్కన వేలాడేవి. గులాబీ రంగు కాగితం, వధూవరుల పేర్లు పెద్దక్షరాల్లో, కింద ఇచ్చినవాళ్ల సంతకాలు. పద్యాల నాణ్యత ఎలా ఉన్నా పెళ్లి తేదీ వెతుక్కోవడానికి అవి అక్కరకొచ్చాయి. ఆడపిల్లలు మ్యాటీ గుడ్డ మీద కుట్టిన ‘సుస్వాగతం’, పూసల చిలకలు, గుమ్మానికి పూసల తోరణం కూడా గోడ పంచుకున్నాయి.

గోడే లేని ఇళ్లు ఇంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. తాటాకు గుడిసెలో మేకు దిగే చోటు ఉండదు. పాలేళ్లూ జాలరులూ కూలీలూ రేషను కార్డు, పొదుపు పుస్తకం, ఉన్న ఒక్క ఫొటో ట్రంకు పెట్టెలో చీర మడతల్లో దాచుకున్నారు. కాలనీల్లో ఇటుక గోడలు లేచాక ఎన్నో దళిత కుటుంబాలు మొదటి మేకు అంబేద్కర్ పటానికే కొట్టాయి. ఎదుర్లంకలో పుట్టి లోక్‌సభ స్పీకరైన జి.ఎం.సి.బాలయోగి 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో పోయాక ఆయన పటం కూడా కొన్ని ఇళ్లలో సొంత మనుషుల వరసలోకి వచ్చింది. ఎవరిని ఇంటివాడిగా లెక్కించాలో రక్తసంబంధం ఒక్కటే చెప్పదని అక్కడి గోడలు చూస్తే అర్థమవుతుంది.

వలస కూడా గోడలను నింపింది. గౌతమి ఆవలి కోరంగి రేవు నుంచి రంగూన్ వెళ్లిన తెలుగువాళ్లను బర్మాలో ‘కోరంగీలు’ అనే పిలిచారు. 1941 డిసెంబరులో రంగూన్ మీద బాంబులు పడ్డాక కాలినడకన తిరిగొచ్చినవాళ్ల చేతుల్లో వస్తువులు తక్కువ, కథలు ఎక్కువ. 1980ల తరవాత కువైట్, దుబాయ్ వెళ్లినవారు గోడ గడియారాలు, ప్లాస్టిక్ పూలు, దుప్పట్లు పంపారు. ఉత్తరం రాయలేని తల్లులూ కూతుళ్లూ టేపురికార్డరు ముందు కూర్చుని క్యాసెట్టులో మాట్లాడి పంపుకున్నారు. టేపు బూజు పట్టి ఆ గొంతులు చాలావరకు పోయాయి.

1986 ఆగస్టు 16న ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను కాకినాడకు దక్షిణాన తీరం దాటింది. వెయ్యిమందికి పైగా పోయారు, లక్షల ఇళ్లు దెబ్బతిన్నాయి, కొబ్బరి తోటలు నేలకొరిగాయి. ఐ.పోలవరం మండలం బాగా నష్టపోయినవాటిలో ఒకటి. తడిసిన ఫొటో అద్దానికి అతుక్కుపోతుంది. అద్దం తీయబోతే మొహం దానితో పాటు వచ్చేస్తుంది. విడదీయకుండా అలాగే ఆరబెట్టి, అద్దం మీదుగానే మళ్లీ ఫొటో తీయించడం తెలిసినవాళ్లు చేసే పని. అందుకే కొన్ని పటాల్లో పెద్దల మొహాల మీద నీటి మరకలు కూడా అచ్చయి ఉంటాయి. ఇత్తడికి ఈ బాధ లేదు. బురదలోంచి తీసి చింతపండు పెట్టి తోమితే పేరు మళ్లీ కనిపిస్తుంది.

లోగిళ్లను కూల్చిన పాపం తుఫానుది కాదు, పంపకాలది. అన్నదమ్ముల మధ్య గోడ మండువాకు అడ్డంగా లేచేది. ఒకరి వాటాలో స్తంభాలు, ఇంకొకరి వాటాలో వీధిగుమ్మం పడేవి. తరవాత డాబా లేచింది, పాత టేకు కలప అమ్ముడైంది. పటాన్ని మాత్రం రెండుగా కోయలేరు కాబట్టి పట్నంలోని స్టూడియోకు తీసుకెళ్లి ఎంతమంది వాటాదారులుంటే అన్ని కాపీలు వేయించారు. ఇప్పుడవి ఫోన్లలోకి చేరాయి.

ఇత్తడి సామాను చాలావరకు తూకానికి పోయింది. మిగిలిన గంగాళాలు కొన్ని కొత్త డాబాల్లో, అపార్ట్‌మెంట్లలో గుమ్మం పక్కకు చేరాయి. వాటిలో నీళ్లు పోసి పూలు వదులుతారు, పేరున్న వైపు వచ్చేవాళ్లకు కనిపించేలా తిప్పి పెడతారు. తోమినప్పుడు చుక్కల్లో చింతపండు పీచు ఇరుక్కుంటే పిన్నీసు మొనతో తీస్తారు.